ఎత్తడానికి నలుగురు

తెల్లారేసరికి బుల్డోజరు ఏటి ఒడ్డుకు వచ్చేసింది. అక్కడ ఉన్నవాళ్ళంతా అమీస్ అనే ఆదివాసీ జాతి కూలీలు. తైవాన్ నగరాల్లో వంతెనలూ మేడలూ కట్టింది వాళ్ళే. తమకని కట్టుకున్నవి మాత్రం ఈ నలభై రేకుల ఇళ్ళు. ఇప్పుడక్కడ సర్కారుకు సైకిల్ బాట కావాలట.

మగ పోలీసు ఆడవాళ్ళ మీద చెయ్యి వేస్తే పత్రికల్లో పడుతుంది. అందుకని వాళ్ళను ఆడ పోలీసులే ఎత్తాలని ఉత్తర్వు. ఆ సంగతి తెలిసిన బస్తీ పెద్దావిడ నకావ్ మగవాళ్ళను వెనక్కి పంపి, నలభై మంది ఆడవాళ్ళను బుల్డోజరుకు అడ్డంగా కూర్చోబెట్టింది. స్టేషనులో ఆడ పోలీసులు నలుగురే. వాళ్ళలో ఒకతె సవ్మా, నకావ్‌కు అక్క కూతురు.

"కొండదానా, లేవమని మీవాళ్ళ భాషలో చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ల్యావ్. ఆమె పన్నెండేళ్ళ సర్వీసులో అతను సవ్మాను పేరు పెట్టి పిలిచింది లేదు. ఆమెది కొండ కాదు, సముద్రతీరం.

సవ్మా చెప్పింది. నకావ్ వక్క నములుతూ వింది.

"యూనిఫారం బాగా కుదిరిందే అమ్మాయీ. నీ చదువుకి మేం ఇసక మోసింది దీనికేగా. ఎత్తు మరి. నడుం జాగ్రత్త, బలిసిన పందంత ఉన్నాను."

ఆడవాళ్ళు నవ్వారు. సవ్మా, తోటి పోలీసు షూహువా చెరో చంక పట్టి నకావ్‌ను పోలీసులు కట్టిన తాడు అవతల దింపారు. ఎనిమిదో మనిషిని దింపేసరికి నకావ్ చుట్టూ తిరిగొచ్చి వరస చివర కూర్చుంది. దింపిన ప్రతి మనిషీ అంతే. నలభై మందికి నలుగురు. ఈ లెక్క తెగేది కాదని సవ్మాకు అర్థమైంది.

మధ్యాహ్నానికి షూహువా చతికిలబడింది. "నావల్ల కాదు సార్. మీరే ఎత్తుకోండి."

"రాజీనామా రాస్తావా?"

"వేళ్ళు వంగితే రాస్తాను."

మిగతా ఇద్దరూ కూర్చున్నారు. అందరి చూపూ సవ్మా మీదే. కూర్చుంటే ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఏ అమీస్ పిల్లనూ పోలీసుల్లోకి రానివ్వరు. ఎత్తితే పిన్ని ఇల్లు పోతుంది. ఎటు తూచినా నష్టమే. ఆమె కూర్చోలేదు, ఎత్తనూ లేదు. ఊరికే నిలబడిపోయింది. ల్యావ్ నలుగురి బ్యాడ్జీలూ ఊడదీయించాడు.

మర్నాడు పక్క జిల్లా నుంచి ఇరవై మంది ఆడ పోలీసులను దించారు. సవ్మా మామూలు చొక్కాతో వరసలో కూర్చుంది. ఇళ్ళు నిలవవని ఆమెకు తెలుసు. ఆమె మణికట్టు పట్టుకున్న పోలీసు పిల్లది కూడా ఏదో కొండజాతి ముఖమే.

"చంకల కింద పట్టుకో తల్లీ. లేకపోతే నడుం పట్టేస్తుంది," అంది సవ్మా.

"తప్పదక్కా," అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా.

"నాకు తెలీదూ?"

మొదటి ఇల్లు కూలింది. వరస లేచి రెండో ఇంటి ముందుకు జరిగింది.