మల్సున్ చూసిన వీపులు

ఆడవాళ్ల స్నానశాలలో, వీపులు రుద్దే బల్ల మీద మల్సున్ బకెట్టెడు వేడినీళ్లు కుమ్మరించి, నురగనంతా అరచేత్తో కిందికి తోసేసి, "రా అక్కా, నీ వంతే" అని పిలిచింది.

వేడినీళ్ల తొట్టిలోంచి బున్‌రే బరువుగా లేచి వచ్చి బల్ల మీద బోర్లా పడుకుంది. జుమున్‌జిన్ రేవులో ఎండుచేపలు అమ్ముతుంది. ఎన్ని నీళ్లు పోసుకున్నా ఆ వాసన వదలదు.

"మెల్లిగా రుద్దవే. పోయిన వారం తోలు ఒలిచేశావు. బట్ట తగిలితే మంట."

"తోలు కాదు, మట్టి. వారానికే ఇంత పట్టిందంటే, చేపలతో పాటు నువ్వూ ఎండుతున్నావేమో చూసుకో."

తొట్టిలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా బున్‌రేయే నవ్వింది. ఆ నవ్వుకి వీపంతా అలలుగా కదిలింది.

మల్సున్‌కి డెబ్బై దగ్గర పడ్డాయి. పొట్టి మనిషి. మోకాళ్లు వంగిపోయాయి గాని ముంజేతులు మాత్రం పడవలు లాగే మగవాళ్ల చేతుల్లా ఉంటాయి. ఎప్పుడూ నీళ్లలోనే నానడంతో వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడిపోయాయి. చేతికి ఒళ్లు రుద్దే గరుకు తొడుగు తగిలించుకుందంటే మనిషి ఎవరైనా సరే, ముందు కుడి భుజం కింది ఎముక దగ్గరే మొదలుపెడుతుంది. అక్కడ ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆ తర్వాతే మిగతా ఒళ్లు.

ఆమె కూతురు మిరిమ్‌కి అక్కడ గోధుమరంగు మచ్చ ఉండేది, విసనకర్రలా విచ్చుకున్న గింకో చెట్టు ఆకంత. దేగూ నగరంలో బట్టల మిల్లులో పనిచేస్తూ అక్కడి హాస్టల్లో ఉండేది. ఇరవయ్యో ఏట, ఒక ఆదివారం స్నానశాలకని బయల్దేరింది. తిరిగి రాలేదు. పోలీసులు నాలుగు ప్రశ్నలడిగి, వయసొచ్చిన పిల్ల, ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందని తేల్చేశారు. మల్సున్ ఫోటో పట్టుకుని వీధివీధీ తిరిగింది. చూశామన్నవాళ్లు లేరు. చివరికి ఆ స్నానశాలలో వీపులు రుద్దే ఆవిడ ఫోటో తిప్పి తిప్పి చూసి, "మొహం గుర్తు లేదమ్మా. కుడి భుజం కింద ఆకులాంటి మచ్చ ఉంటుందా? తలారకుండానే వెళ్లిపోతుంటే జలుబు చేస్తుందని కేకలేశాను" అంది.

మిరిమ్ సంగతి కచ్చితంగా చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కతే. మొహం మారుతుంది, పేరు మార్చుకోవచ్చు. మచ్చ ఎక్కడికీ పోదు. ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది మల్సున్. భర్త పోయాక, ఆ మచ్చ కోసం ఊరూరా స్నానశాలల్లో వీపులు రుద్దుతూ తిరగసాగింది.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. అప్పుడొచ్చింది కొండవైపు ఇళ్లలో ఉండే ఆ మనిషి. నలభై దాటి ఉంటాయి, మిరిమ్‌కీ ఇప్పుడు అంతే ఉండాలి. రద్దీ లేనప్పుడే వస్తుందనీ, భుజాల మీది తువ్వాలు ఎప్పుడూ తియ్యదనీ స్నానశాల యజమానురాలు దోక్‌జా ఎప్పుడో చెప్పింది. ఈ ఊళ్లో మల్సున్ ఇంకా చూడని వీపు అదొక్కటే.

"ఇలా రా తల్లీ, వీపు రుద్దుతాను."

"వద్దండీ."

"చేతులు ఖాళీగా ఉంటే నాకు నొప్పులొస్తాయి. ముసలిదాని మాట కాదనకు."

ఆవిడ కొంచెంసేపు తటపటాయించి, వచ్చి పడుకుంది. మల్సున్ తువ్వాలు అంచు పట్టుకుంది. మెల్లగా తీసింది.

ఎడమ భుజం నుంచి నడుం దాకా కాలిన మచ్చ. ముడతలు పడి, మెరుస్తూ ఉంది. కుడి భుజం కింద మాత్రం చర్మం నున్నగా ఉంది. అక్కడ ఏమీ లేదు.

మల్సున్ గరుకు తొడుగు తీసేసి, ఉత్త చేత్తో సబ్బు రాయడం మొదలుపెట్టింది.

"అసహ్యంగా ఉంది కదూ" అంది ఆవిడ, బల్లలోకి మొహం పెట్టి.

"వీపు వీపే. నొప్పి పుడుతుందా?"

"లేదు. ఎవరూ ముట్టుకుని చాలా ఏళ్లయింది." కాస్త ఆగి అడిగింది. "ఎవరి కోసమో వెతుకుతున్నారటగా."

"నా కూతురి కోసం."

"ఆమెకి కనబడాలని లేకపోతే?"

ఈ ప్రశ్న మల్సున్ తనను తాను ఎన్నోసార్లు అడుక్కుంది.

"బోర్లా పడుకున్న మనిషికి నా మొహం కనపడదు కదా. దానికి ఇష్టం లేదనిపిస్తే నోరెత్తను. వీపు రుద్ది, నీళ్లు పోసి, తర్వాతి మనిషిని పిలుస్తాను. బతికుందని తెలిస్తే నాకంతే చాలు."

ఆవిడ భుజాలు కదిలాయి. మల్సున్ గోరువెచ్చని నీళ్లు తీసుకుని, మెడ దగ్గర్నుంచి నెమ్మదిగా పోసింది. వెళ్లేటప్పుడు ఆవిడ తువ్వాలు భుజాల మీద కప్పుకోకుండా, చేత్తో పట్టుకునే తొట్టి దాకా నడిచింది.

ఎండ ఇంకా ఉండగానే మల్సున్ మూట సర్దుకుంది. దోక్‌జా గల్లా దగ్గర్నుంచి లేచొచ్చింది.

"బస్సా? ఇంత అర్ధాంతరంగానా? ఇక్కడేం తక్కువైంది నీకు?"

"ఏమీ తక్కువ కాలేదు. ఈ ఊళ్లో చూడాల్సిన వీపులన్నీ చూసేశాను."

"ఆ మోకాళ్లతో ఎక్కడికే?"

"ఉత్తరానికి. సొక్చోలో స్నానశాలలు చాలా ఉన్నాయట."

దోక్‌జా వాకిలి దాకా వచ్చి, రెండు ఉడికించిన గుడ్లు మూటలో దోపింది. మల్సున్ ఎత్తు రోడ్డు పట్టి, ఒకసారైనా వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచింది.

లోపలికొచ్చాక దోక్‌జా కంట పడింది, బట్టలు మార్చుకునే గదిలో, రోజూ వచ్చేవాళ్లు తమ సామాను పెట్టుకునే అరలో, బున్‌రే బుట్ట పక్కన ఒక కొత్త గులాబీరంగు ప్లాస్టిక్ బుట్ట. అందులో ధర చీటీ తియ్యని దువ్వెన, తల తుడుచుకునేందుకు మందపాటి తువ్వాలు, ఇంకా నీళ్లు తగలని సబ్బు. పిడి మీద చెరగని సిరాతో, మల్సున్ చేతిరాతలో, పెద్ద పెద్ద అక్షరాల్లో, మిరిమ్ అని పేరు.