పదిహేడో నంబరు క్యాను

మా పెదనాన్న మొగులయ్యకు హైదరాబాదులో దబీర్‌పురా స్టేషను వెనక ఆరు బర్రెలుండేవి. పదో తరగతి అయ్యాక నేను ఊరి నుంచి ఆయన ఇంటికి వచ్చి కంప్యూటరు నేర్చుకున్నాను. ఆయన పాలు పోసే డెయిరీలోనే నాకు పని దొరికింది.

అక్కడ లెక్కల్లో మనుషుల పేర్లు రాయరు. డెయిరీ ఇచ్చిన క్యాను మీద ఎర్ర రంగుతో రాసిన నంబరే పేరు. ఒకరు మానేస్తే ఆ క్యాను, ఆ నంబరు కొత్తగా చేరినవాళ్లకు పోతాయి. పెదనాన్నది పదిహేడు. అంతకుముందు అది బీరయ్యది. నీళ్లు కలుపుతున్నాడని అతన్ని మాన్పించారు.

2004 ఎండాకాలంలో మేనేజరు ఫణికుమార్ సారు నాలుగేళ్ల పాల లెక్కలన్నీ ఒకే డేటాబేసులోకి ఎక్కించారు. ఎవరి పాలు ఎలాంటివో యజమానికి రిపోర్టు కావాలి. లెక్కల్లో నంబర్లున్నాయి గాని పేర్లు లేవు. నంబరు అడిగితే పేరు చెప్పే డిక్షనరీ ఒకటి తయారుచేయమని నాకు అప్పగించారు. పదిహేడు దగ్గర రెండో పేరు కొడితే కంప్యూటరు తీసుకోలేదు.

“సార్, పదిహేడుకు ఇద్దరున్నరు. ముందుగాల బీరయ్య, రెండేండ్ల సంది మా పెదనాయిన. నంబరుతోని తారీఖు గూడ పెట్టాలె.”

“ఇప్పుడెవరు పోస్తున్నారు?”

“మా పెదనాయినే.”

“ఆ పేరే ఉంచు. పల్లెటూరి బడి కాదమ్మా ఇది, ప్రతిదానికీ చెయ్యెత్తడానికి.”

సోమవారం పొద్దున వాకిట్లో అందరి ముందూ రిపోర్టు చదివారు. నీళ్ల పాలలో మొదటి పేరు మొగులయ్య.

పెదనాన్న క్యాను మూత తీశాడు. “పాల మీటరు పెట్టి చూడుండ్రి సార్.”

“ఇవాళ్టివి బాగానే ఉంటాయయ్యా. నేను నాలుగేళ్లవి మాట్లాడుతున్నా.”

“నేనొచ్చి రెండేండ్లే గద సార్.”

“అయితే కంప్యూటరుకి నీ మీద పగా?”

“ఏం భాయ్, బర్రెలకు మూసీ నీళ్లు తాపినవా?” అన్నాడు ఈశ్వరయ్య. అతనూ పాలు పోసేవాడే. అందరూ నవ్వారు.

నేను గుమ్మం దాటి వచ్చి, “అవి బీరయ్య పాలు. డిక్షనరీల తప్పుంది,” అన్నాను. ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

“ఇంటి పిల్ల ఇంటి దిక్కే మాట్లాడతది,” అన్నాడు ఈశ్వరయ్య.

సారు కాగితం మడిచారు. “ఆ పేరు కొట్టిందెవరు?”

“నేనే సార్, కానీ మీరే...”

“విన్నావుగా మొగులయ్యా. రేపటి నుంచి పాలు తేవద్దు.”

“నువ్వే కొట్టినవా బిడ్డా?” అన్నాడు పెదనాన్న. తల ఊపాను. ఆయన క్యానుకు మూత పెట్టి గేటు వైపు నడిచాడు. క్యాను డెయిరీదని వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి, పాలు మోరీలో పోయించి దాన్ని లాక్కున్నాడు.

పాలు కొనేవాళ్లు లేక బర్రెలు అమ్ముడుపోయాయి. ఇక ఇంట్లోకి వచ్చేది నా జీతమే. పనికి పొమ్మని పెద్దమ్మే అంది, నా మొహం చూడకుండా.

ఆ క్యాను, ఆ నంబరు ఈశ్వరయ్య అల్లుడు వైకుంఠం చేతికి వచ్చాయి. ఆ రోజు సారు నా కుర్చీ వెనక నిలబడ్డారు.

“పదిహేడుకి తారీఖు పెట్టు. పాత పాల మచ్చ వైకుంఠానికి అంటకూడదు. ఈ నెల ఒకటి నుంచి అతను, అంతకుముందంతా మొగులయ్య.”

“బీరయ్య పేరు సార్?”

“ఎవరడిగారు?”

తారీఖు వేసి కొట్టాను. ఈసారి కంప్యూటరు రెండు పేర్లూ తీసుకుంది.