హుండీలో వేసిన కాగితం

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని, పోరాడినవాళ్లకు చిత్తూరులో సన్మానం చేస్తామన్నారు. చంద్రగిరి చెంగయ్య డెబ్బై ఒకటో ఏట బస్సెక్కి పరుగెత్తాడు. అక్కడి ఆఫీసు గుమాస్తా తలైనా ఎత్తకుండా, "నేవీలోనించి తీసేసిన కాగితం ఏది పెద్దాయనా?" అన్నాడు.

ఆ కాగితం కోసం చెంగయ్య ట్రంకుపెట్టెను మూడుసార్లు బోర్లించాడు. 1946లో బొంబాయి రేవులో, పురుగుల అన్నం ముట్టం, బూతులు పడం అని నేవీ ఓడల్లోని కుర్రాళ్లంతా తిరగబడ్డారు. తెల్లవాళ్ల జెండా దించిన చేతుల్లో ఇతనివీ ఉన్నాయి. వారం తిరక్కుండా అణిచేశారు. కొన్నాళ్లు జైల్లో పెట్టి, ఆ కాగితం చేతిలో పెట్టి, ఇద్దరు పోలీసులను తోడిచ్చి ఊరికి పంపారు. పోలీసులతో దిగినవాణ్ణి ఊరు ఏమనుకుంటుంది? దొంగ అనుకుంది. ఇప్పటికీ అనుకుంటూనే ఉంది. పోయేలోగా ఆ మచ్చ చెరిగిపోవాలని ముసలాయన ఆశ. శాలువా ఎవడిక్కావాలి!

చివరికి అక్క సుబ్బులమ్మ ఇంటికి పోయి అడిగాడు.

"ఇంగ యాడుంటాదిరా! అమ్మ కొండకు పొయ్యి హుండీలో ఏసేసింది."

"హుండీలోనా!"

"పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. అది ఇంట్లో ఉంటే నీకు యాడా పని దొరకదనుకునింది. నేనూ ఎంట పోయినా."

చెంగయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దేవుడికి ముట్టిన కాగితాన్ని ఏ గుమాస్తా తిరిగి తెప్పిస్తాడు?

"ఏమని మొక్కుకునింది?"

"నా బిడ్డ తెలీక దొంగతనం సేసినాడు, మన్నించు సామీ అని. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టింది పాపం."

"అమ్మ కూడా నన్ను దొంగనే అనుకునిందా?"

"నువ్వు నోరు తెరిసి సెప్పింటే కదరా."

నోరు తెరిస్తే మళ్లీ జైలే అన్నారు పోలీసులు. మరి తెల్లవాళ్లు పోయాకైనా చెప్పొచ్చు కదా? అడిగితే చెబుదామని రోషంతో బిగుసుకున్నాడు. అడిగితే బిడ్డ నొచ్చుకుంటాడని ఆ తల్లి అడగలేదు. ఆమె వడ్డిస్తే ఇరవై ఏళ్లు తిన్నాడు. తర్వాత ఆమె పోయింది.

"నేను దొంగతనం సెయ్యలేదమ్మా," అన్నాడు చెంగయ్య, అక్క ముఖంలోకి చూస్తూ. వినాల్సిన మనిషి పోయి ముప్పై ఏళ్లయింది. ఆ ముసలాయన అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.