నాలుగో పాటకు ముందు

అన్నయ్య వాయించిన గిటార్ ఆల్బమ్‌కు నలభై ఏళ్లు నిండాయని కంపెనీవాళ్లు దాన్ని మళ్లీ విడుదల చేస్తున్నారు. అసలు టేపును శుభ్రం చేసే పని నాకే అప్పజెప్పారు. అన్నయ్య పోయి కూడా నలభై ఏళ్లే. ఆల్బమ్ వచ్చిన రెండో నెలలో రోడ్డు ప్రమాదం. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందిలే అనుకున్నాను, తర్వాత కూడా రాలేదు. గుండె రాయి చేసుకున్నాడని నలుగురూ మెచ్చుకున్నారు. అందుకు నేను పడ్డ కష్టమేమీ లేదు.

పాత టేపును నేరుగా మెషిన్‌కెక్కిస్తే పైపూత ఊడి చేతికొస్తుంది. సన్నటి వేడిలో ఎనిమిది గంటలు ఆరబెట్టి, మర్నాడు కంప్యూటర్లోకి ఎక్కించాను. మధ్యలో ఒక్కసారైనా ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని చూశాను. ఆకలేసింది, అంతే.

ఆ మర్నాడు ఉదయం వదిన స్టూడియోకి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో కుర్చీలో కూలబడింది.

"ఒక్కటే అడుగుతాను. ఆయన గొంతు ఉందా అందులో?"

పాటలు పాడింది వేరే అతను. అన్నయ్య వాయించాడంతే. వదిన దగ్గర ఫొటోలున్నాయి కానీ గొంతు మాత్రం ఎక్కడా లేదు. ప్రతి పాటకు ముందు అంకెలు లెక్కపెట్టి అందరినీ ఎత్తుకోమనేది అన్నయ్యేనని ఆమెకు తెలుసు.

"లేదు వదినా. అవన్నీ అప్పుడే కోసేశారు."

"ఎవరు?"

"కంపెనీవాళ్లే," అన్నాను, తడుముకోకుండా.

కోసింది నేను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, టేపు మెషిన్ బాధ్యత నాది. పుల్లల్లాంటి కాళ్లు చూసి అన్నయ్య నన్ను పిచ్చుకా అనేవాడు. ఇంట్లో అంటే సరే. స్టూడియోలో అందరి ముందూ "ఒకటి, రెండు, మూడు, పిచ్చుకా!" అని పాట మొదలుపెట్టేవాడు. నాలుగు అనాల్సిన చోట నేను. డ్రమ్ములాయన కర్రలు వదిలేసి మరీ నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. రికార్డింగ్ అయిన మూడు వారాలకు బ్లేడు తీసుకుని ఎనిమిది పాటల ముందూ ఆ ముక్కలు కోసి చెత్తబుట్టలో పడేశాను. అడిగినవాళ్లకు ఇలా అయితే నీటుగా ఉంటుందని చెప్పాను.

"పోనీ పాటలన్నా వినిపించు," అంది వదిన.

హెడ్‌ఫోన్లు ఆమెకొకటి, నాకొకటి. నాలుగోది నింపాది పాట. గిటార్ మొదలయ్యే ముందు రెండు క్షణాలు ఆంప్లిఫయర్ రొద మాత్రమే ఉంటుంది. శబ్దాన్ని బొమ్మగా చూపే కంప్యూటర్ తెరమీద అక్కడ చిన్న మరక కనిపిస్తే నిన్న నేనే ఎర్రగీత పెట్టి, తీసేయాల్సిన వాటి జాబితాలో వేశాను. వినలేదు. ఇన్నేళ్ల సర్వీసు కదా, ఇలాంటివి కళ్లతోనే పట్టేస్తానని ధీమా.

వదిన చటుక్కున చెయ్యెత్తింది. "ఆగాగు. వెనక్కి తిప్పు."

తిప్పాను. ధ్వని పెంచాను. రొద అడుగున, ఎక్కడో పక్కింట్లోంచి వచ్చినట్టు, "...మూడు, పిచ్చుకా."

చుట్టి పెట్టిన టేపులో ఒక పొర మీది శబ్దం కొన్నిసార్లు పక్క పొరకు అంటుకుంటుంది, తడి సిరా ఎదుటి పేజీకి అంటినట్టు. నేను కోసేలోపు మూడు వారాలు ఆ మాట చుట్టలోనే ఉంది. మిగతా పాటల్లో వాయిద్యాలు వెంటనే మొదలై దాన్ని కప్పేశాయి. ఇక్కడ మాత్రం మిగిలింది.

వదిన కళ్లు మూసుకుని ఐదుసార్లు వింది. ఆరోసారి నొక్కబోతూ అన్నాను.

"కోసింది నేనే వదినా."

"తెలుసు," అంది కళ్లు తెరవకుండానే. "రికార్డు ఇంటికి తెచ్చిన రోజే ఆయన చెప్పారు. పిచ్చుక నా నోరు మూయించేశాడే అని అన్నం తింటూ కూడా పడీపడీ నవ్వారు. పాపం, పదిమందిలో ఇంకెప్పుడూ అలా పిలవనులే అన్నారు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను."

నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. ఎర్రగీత చెరిపేశాను. "తీయొద్దు" అని రాశాను. పక్కనే కారణం రాయాల్సిన గడి ఉంది. దాన్నీ నింపాను.

"మా అన్నయ్య నన్ను పిలుస్తున్నాడు."