కప్ప గుండె గీసిన గీత

నేను ఒక కైమోగ్రాఫ్ డ్రమ్మును. నా మీద గీసిన గీతతో గోల్డ్ మెడల్ కొట్టిన హౌస్ సర్జన్ మృదుల, ఊపిరాడక కొట్టుకుంటున్న రోగి ముందు అడ్రినలిన్ ఎంత ఇవ్వాలో తెలియక నిలబడిపోయిందన్న కబురు ఈ ఉదయమే మా ఫార్మకాలజీ ల్యాబ్‌కు చేరింది.

పుట్టింది ల్యాబ్ సామాన్లు చేసే అంబాలాలో, లేత్ మిషను మీద. అప్పటినుంచి నా ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాను. నా ఒంటికి కాగితం చుట్టి, కిరోసిన్ దీపం పొగ పట్టిస్తారు. పక్కనే కప్ప గుండె. దాని మీద మందు చుక్కలు వేస్తే ఆ కొట్టుకోవడమంతా సన్నని పుల్ల నా మసి మీద గీస్తుంది. గీత అందంగా వస్తే వార్నిష్ పూసి దాచుకుంటారు. ప్రొఫెసర్ పరాంకుశం మార్కులు వేసేది ఆ మెరుపుకే. ఆ మందు మనిషికెందుకో అడిగిన వాళ్లను నేను పెద్దగా చూడలేదు. అడగాలని నాకే చాలాసార్లు అనిపించింది. ఎవరు వింటారు?

మధ్యాహ్నం ఆసుపత్రి సూపరింటెండెంట్ కామేశ్వరి మేడమ్ మృదులను వెంటబెట్టుకుని ల్యాబ్‌లో ఉన్న పరాంకుశం దగ్గరకే వచ్చింది.

"ఏదో ఇంజెక్షన్ ఒంటికి పడక ఆటో డ్రైవర్ నీలంగా మారిపోతుంటే, అడ్రినలిన్ ఎంత ఎక్కించమంటారని సిస్టర్ అడిగిందట. ఏమన్నావో మీ సార్‌కి చెప్పు."

మృదుల తల ఎత్తలేదు. "రెండు చుక్కలన్నాను మేడమ్."

"చుక్కలా! వాడేమన్నా కప్పా? డ్యూటీ డాక్టర్ పరిగెత్తుకొచ్చి తొడకి అడ్రినలిన్ పొడిచాడు కాబట్టి బతికాడు. నీ హౌస్ సర్జన్సీ ఇవాళ్టితో ఆపేస్తున్నా. మెడల్ నీ ఇంట్లో వేలాడదీసుకో."

ఆ అమ్మాయి ఏడవలేదు. నా వైపు ఒకసారి చూసిందంతే. ఆ చూపుకి నా ఇరుసు ఇంకాస్త బరువెక్కింది.

పరాంకుశం కళ్లజోడు తీసి నా పక్కన పెట్టాడు.

"ఆ పిల్లని పంపకండి మేడమ్. తప్పు నాది. పీజీ అయ్యాక నేను మళ్లీ రోగి చెయ్యి పట్టుకోలేదు. పిల్లల్ని వార్డుకి తీసుకెళితే, రోగి ముందు నాకూ మోతాదు తోచదని వాళ్లకి తెలిసిపోతుందని భయం. అందుకే ఇన్నేళ్లూ కప్పల్ని చూపిస్తూ, ఈ డ్రమ్ము చాటున దాక్కున్నాను."