ఆరు వందల గుడ్లతో ఎనిమిది

నీళ్లు పరీక్ష చేసే ల్యాబు నుంచి ఉద్యోగం కాగితం వచ్చిన రోజు, చేయాల్సిన పనులన్నీ నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాను.

ఫోటోలు ఆరు.
డిగ్రీ సర్టిఫికెట్టు, నకళ్లు మూడు.
కళ్ల పరీక్ష.
వేళ్లు కనపడని బూట్లు.
నాన్న సంతకం (ముందురోజు ప్రాక్టీసు చేయించాలి).
గేర్ల బండి లైసెన్సు.

మొదటి ఐదూ నాలుగు రోజుల్లో అయిపోయాయి, నాన్న సంతకంతో సహా. ఆరోదానికి నలభై రోజుల గడువిచ్చారు. బోర్లు, బావులు, ఫ్యాక్టరీ కాలవలు తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకురావడం నా పని. సీసాల పెట్టె వెనక కట్టుకుని తిరగాలి కాబట్టి గేర్ల బండే కావాలి. లైసెన్సు లేకపోతే చేరడానికి శ్రమ తీసుకోవద్దని కాగితం అడుగున చిన్న అక్షరాల్లో, చాలా మర్యాదగా రాశారు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని టీవీ పాడైనా, పన్ను సలిపినా నన్నే అడుగుతారు. నాకు తెలియనిది అడగడానికి మాత్రం ఎవరూ ఉండరు. ఒక్క బండి విషయంలో మా మేనత్త ఉంది.

అత్త నాన్నకన్నా రెండేళ్లు పెద్దది. ఇరవై రెండేళ్ల కిందట మామయ్య ఆమెనూ, ఒక పాత బండినీ వదిలేసి ఎటో వెళ్లిపోయాడు. బండి కూడా తీసుకెళ్లి ఉంటే వెతికి పట్టుకుని తన్నేదాన్నని అంటుంది. ఆ బండి మీదే పొద్దున్నే కోళ్ల ఫారానికి దాణా బస్తాలు వేస్తుంది. అక్కడ బస్తాలు దించి, వెనకున్న చెక్క చట్రంలో ఇరవై అట్టల గుడ్లు ఎక్కించుకుని, సైకిలు ట్యూబు కోసిన రబ్బరుతో బిగించి, దుకాణాలకు పంచుతుంది. అట్టకు ముప్పై చొప్పున ఆరు వందల గుడ్లు. ఆమెకు లైసెన్సు లేదు. చౌరస్తాలో పోలీసులెవరూ ఆపలేదట. ఆపితే ఆ బండి పట్టుకుని నిలబడాల్సింది వాళ్లే కదా మరి.

మూతపడ్డ గోడౌను వెనక సిమెంటు నేల మీద నాకు నేర్పింది. మొదటిరోజే, "సైన్సు చదివావు కదా, బండి ఎందుకు పడిపోతుందో చెప్పు" అంది. గరిమనాభి గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే పడ్డాను. అత్త వచ్చి ముందు బండిని లేపింది, అద్దం చూసింది, ఇండికేటరు చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది.

వేగంగా పోతే ఎవడైనా పోతాడని, నెమ్మదిగా పోవడమే విద్య అని ఆమె సిద్ధాంతం. క్లచ్చి పూర్తిగా వదలకూడదు, బండి ముందుకు లాగీ లాగనట్టు ఉన్నచోట పట్టుకోవాలి. వెనక బ్రేకు మీద పాదం ఆనించి ఉంచాలి. మోకాళ్లు ట్యాంకుకి నొక్కిపెట్టాలి. చక్రం వంక చూస్తే చక్రం కింద పడతావు, పోవాల్సినచోటు చూడు అనేది. నేను మాత్రం ఎటో చూస్తూ చక్రం గురించే ఆలోచించేదాన్ని. అది కూడా ఆమె వెనకనుంచి కనిపెట్టేసేది. "మెడ తిరిగింది గానీ బుర్ర తిరగలేదే, డిగ్రీ." నన్ను పిలిచే పేరు అదే.

వెనక చట్రంలో గుడ్ల బరువుకు సరిపడా ఇసుక బస్తా పెట్టేది. నెల తిరిగేసరికి పరీక్షలో తిప్పించినట్టే ముగ్గుపిండితో గీసిన ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా పది చుట్లు తిరుగుతున్నాను. నా జీవితంలో డిగ్రీ మార్కుల తర్వాత అంత గర్వపడింది దానికే.

లైసెన్సు పరీక్ష గడువుకి రెండు రోజుల ముందు పడింది. అది పోతే ఇంకో తేదీ పదిహేను రోజుల తర్వాత గానీ లేదు. నేను బస్సులో వెళ్లాను. అత్త ఫారం నుంచి నేరుగా గుడ్ల బండితో వచ్చింది. మైదానం పక్క రేకుల షెడ్డులో పాతికమంది వరసలో ఉన్నారు, అందరివీ తళతళలాడే బండ్లు. నాకు సిగ్గేసింది. గవర్నమెంటు ఆఫీసుకి గుడ్లతో వస్తారా అని చట్రంతో సహా మొత్తం దింపించి, గుడ్డతో బండి తుడిచాను. అత్త గుడ్ల పక్కన కాపలా కూర్చుంది.

నా నంబరు పిలిచారు. క్లచ్చి వదిలానో లేదో, బండి తాడు తెంపుకున్న దూడలా ఎగిరింది. ఏ బరువుకని నేను ఆక్సిలరేటరు తిప్పానో ఆ బరువు అక్కడ లేదు. హ్యాండిల్ గాల్లో ఉన్నట్టు అటూ ఇటూ కొట్టుకుంది. మొదటి సున్నా ఎలాగో దాటాను. రెండోదాని మలుపులో ఎడమకాలు నాకు చెప్పకుండానే కిందకి దిగింది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో గీసి, అందరిదీ అయ్యాక ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు.

షెడ్డులోకి వచ్చి అత్త పక్కన కూలబడ్డాను. తిడుతుందనుకున్నాను. ఆమె మొహం నాకంటే పాలిపోయి ఉంది.

"తప్పు నాదే" అంది. "ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఖాళీ బండి నడపలేదు. పోయేటప్పుడు దాణా, వచ్చేటప్పుడు గుడ్లు, అవి దింపాక మర్నాటి దాణా. ఖాళీ బండి వేరే జంతువని నాకెలా తెలుస్తుంది?"

తర్వాత లేచి చట్రం ఎత్తి బండికి బిగించడం మొదలుపెట్టింది. ఇసుక లేదు. ఉన్నవి ఆ రోజు పంచాల్సిన గుడ్లే. వద్దంటే వినలేదు.

గుడ్ల బండి తోసుకొస్తున్న నన్ను చూసి ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వెనక మనిషి ఉండకూడదని తెలియదా అన్నాడు.

"మనిషి కాదు సారూ, సరుకు" అంది అత్త. "సరుకు ఉండకూడదని ఎక్కడ రాశారో చూపించండి, దింపేస్తాం."

ఆయన గుమస్తాని పిలిచాడు. గుమస్తా నిబంధనల పుస్తకం తెచ్చాడు. ఇద్దరూ కలిసి ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పారు. హెల్మెట్టు గురించి ఉంది, చెప్పుల గురించి ఉంది, గుడ్ల గురించి లేదు. ఈలోగా పాతికమందీ గీతల చుట్టూ చేరారు. పరీక్ష పాసైనవాళ్లు కూడా ఇంటికి పోలేదు.

ఎక్కి కూర్చోగానే వెనక ఆ బరువు తెలిసింది, తెలిసినవాళ్లు భుజం మీద చెయ్యి వేసినట్టు. ఈసారి చక్రం గుర్తు రాలేదు, గుడ్లు గుర్తున్నాయి. రెండో సున్నా మలుపులో ఎవరో అయ్యో అనడం కూడా వినపడింది. దాటేశాను. ఇన్‌స్పెక్టరు ఆగమనేలోపు నమ్మకం కోసం ఇంకో చుట్టు తిరిగాను. దిగాక అత్త ఒక్కో అట్టా ఎత్తి చూసింది. మూడు చిట్లాయి. ఫారం రోడ్డు గుంతల్లో ఇంతకన్నా ఎక్కువే పోతాయంది.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, పెన్ను మూత పెడుతూ, మరి మీ లైసెన్సేదీ అని అత్తనడిగాడు.

ఆ రోజు సరుకు నేనే వేశాను. అత్త బస్సెక్కి ప్రతి దుకాణానికీ నాకంటే ముందే చేరి, ఇంత ఆలస్యమా అని గుమ్మంలోనే తిట్టింది.

నేను ల్యాబులో చేరాను. సీసాలు నిండాక వాళ్లిచ్చిన బండి బుద్ధిగా నడుస్తుంది. మొదటి వారంలోనే అత్త దరఖాస్తు నేను నింపాను. నెల తర్వాత పరీక్షకు వెళితే షెడ్డు గోడకు కొత్త బోర్డు, తడి ఆరని అక్షరాలతో: పరీక్ష సమయమున వాహనముపై ఏ విధమైన సరుకు ఉండరాదు. అది నా వల్ల వచ్చిన బోర్డు. ఖాళీ బండి మీద అత్త మొదటి సున్నాలోనే కాలు పెట్టేసింది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా బండి పడేయని మనిషి. రెండోసారీ అంతే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే గోడౌను వెనక ఆమెకు ఖాళీ బండి నేర్పుతున్నాను. గరిమనాభి గురించి ఎత్తను. ఇసుక బస్తాలోంచి రోజుకో దోసెడు ఇసుక తీసేస్తున్నాం. ఇంకా సగం ఉంది. నన్నిప్పుడు "టీచరమ్మా" అంటోంది, తిట్టులాగే.

మీ దారిలో ఎప్పుడైనా, ఎర్ర రంగు ఎల్ అక్షరం అంటించుకుని, వెనక గుడ్ల అట్టలతో నెమ్మదిగా పోయే పెద్దావిడ కనిపిస్తే హారన్ కొట్టకండి. ఆ అక్షరం చూసి కొత్తగా నేర్చుకుంటోందనుకుంటారు. మా అత్త అని గుర్తుంచుకోండి.