ఈశ్వరి పంపని మెసేజీ

పాప పోయిన రోజు కూడా షిఫ్టు బస్సులు ఎప్పటిలాగే టెల్కో కాలనీ రోడ్డు మీద బారులు తీరి వెళ్లాయి. ఆస్పత్రి కిటికీలోంచి వాటి చప్పుడు వింటూ ఈశ్వరి బిడ్డను చూసింది. తెల్లవారుతుండగా పుట్టిన ఆ ఆడపిల్ల ఏడవలేదు. ఏడవడానికి కావలసినంత ఊపిరి దానికి లేదు. నోరు తెరిచేది, పక్కటెముకలు లోపలికి పోయేవి, మళ్లీ నోరు తెరిచేది. "గుండెల మీద పెట్టుకోండి" అంది పిల్లల డాక్టరు. పెట్టుకుంది. కంపెనీ సైరన్ మోగిన తరువాత ఎప్పుడో ఆ పక్కటెముకలు కదలడం మానేశాయి.

పిల్ల బతకదని ఈశ్వరికి ముందే తెలుసు. బతికించమని ఆమె ఎవరినీ అడగలేదు. గాలి కోసం అలా కొట్టుకునే పని దానికి పెట్టవద్దని మాత్రం అడిగింది. అందుకోసమే కోర్టుకి వెళ్లింది.

ఈశ్వరి కాలనీ స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి సివిక్స్ చెబుతుంది. అడిగినదానికన్నా ఎక్కువ రాస్తే మార్కులు తగ్గించే టీచరని పిల్లల్లో పేరు. భర్త హరికిరణ్ లారీల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తాతల కాలంలో ఇచ్ఛాపురం దగ్గరనుంచి వచ్చిన కుటుంబం. పెళ్లయిన చాలా ఏళ్లకి కడుపు పండింది. అయిదో నెల స్కానులో ఉమ్మనీరు తక్కువగా ఉందన్నారు, మళ్లీ చూద్దామన్నారు. మళ్లీ చూసేసరికి ఆరో నెల సగం దాటింది. బిడ్డకి రెండు కిడ్నీలూ తయారవలేదని, నీరు లేక ఊపిరితిత్తులు పెరగవని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పింది. నెలలు దాటిపోయాయి కనక గర్భం తాము తియ్యలేమని, కోర్టు అనుమతి తెచ్చుకోమని కూడా చెప్పింది.

ఆ రాత్రి హరికిరణ్ ఈశ్వరి చెయ్యి వదల్లేదు. "నువ్వెలా అంటే అలాగే" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మడానికి కారణం కూడా ఉంది.

ఆ ముందటి ఏడాది, పెళ్లయినా కాకపోయినా కడుపు ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆడదానిదేనని పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. టీవీల్లో రోజూ అదే గొడవ. బిర్సానగర్‌లో తెలుగు సంఘం వాళ్లు ఒక ఆదివారం దాని మీద చర్చ పెట్టారు. హరికిరణ్ మాట్లాడతానన్నాడు. ప్రసంగం ఈశ్వరి రాసిచ్చింది. "తాళి కట్టినంత మాత్రాన ఆమె ఒంటి మీద మన సంతకం చెల్లదు" అని అతను చదువుతుంటే ముందు వరసలోంచి రిటైరైన జగ్గారావు గారు లేచారు.

"అయితే మొగుడికి ఏటి మిగిలినట్టు బాబూ? రేషన్ కార్డులో పేరేనా?"

హాలంతా నవ్వింది. హరికిరణ్ కాగితం దించాడు.

"అడిగే హక్కు మిగిలింది బాబాయ్. అడగడం, ఆవిడ చెప్పింది వినడం. అంతే."

వెనక కూర్చున్న ఆడవాళ్లు ముందుగా చప్పట్లు కొట్టారు. ఆ మాట ఈశ్వరి రాసింది కాదు. అతనిది. స్కూటర్ మీద ఇంటికి వస్తూ ఆమె అతని వీపుకి తల ఆనించింది.

అందుకే కోర్టు పని మొదలైనప్పుడు ఆమెకి ఒంటరిననిపించలేదు. రాంచీలో లాయరుగా ఉన్న తనుశ్రీ ఒకప్పుడు ఆమె దగ్గర సివిక్స్ చదువుకున్న అమ్మాయే. ఈశ్వరి పేరు బయటికి రాకుండా పిటిషన్ వేసింది. కోర్టు డాక్టర్ల బోర్డు వేసింది. బోర్డు దగ్గరికి హరికిరణే తీసుకువెళ్లాడు. బిడ్డ బతకదని, ఇప్పుడు తీసేస్తే తల్లికి ప్రమాదం లేదని బోర్డు రాసిచ్చింది. ఇక సోమవారం కోర్టు ఒక మాట చెప్పడమే మిగిలింది.

ఆ ముందు రోజు, ఆదివారం, అత్తగారు సూర్యకాంతం గాజుల పేరంటం పెట్టింది.

"ఏడో నెల వచ్చీసింది. గాజులు తొడక్కపోతే కాలనీలో నలుగురూ ఏటనుకుంటారమ్మా? ఒక్క గంట పీట మీద కూకో, సాలు."

బిడ్డకి ఏదో చిన్న లోపం ఉందని మాత్రమే ఆవిడకి తెలుసు. మిగతాది తాను మెల్లగా చెబుతానని హరికిరణ్ అన్నాడు. ఈశ్వరి ఆలోచించింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే సాయంత్రానికల్లా పేరు లేని పిటిషన్ కాలనీలో అందరి పేరంటమవుతుంది. పైగా ముసలావిడకి ఈ ఇంట్లో దక్కబోయే వేడుక అదొక్కటే. సరేనంది.

పీట మీద కూర్చోబెట్టి రెండు చేతులకీ గంధం రాసి, చెరొక పక్కా ఇద్దరు ముత్తయిదువులు పట్టుకున్నారు. ఈశ్వరి ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు. "ఏమండీ, కాస్త ఇది మీ దగ్గర ఉంచండి" అని ఈశ్వరే భర్తకి చెప్పింది. తనుశ్రీ ఫోన్ చేస్తే ఎత్తాలి కదా అని తాళం నంబరు కూడా చెప్పింది.

ఎదురింటి పోలమ్మ ఆకుపచ్చ గాజులు మోచేతి దాకా ఎక్కిస్తూ కళ్లతో కడుపు కొలిచింది.

"ఓలమ్మ, ఏడో నెలకి ఇదేటి కడుపు! నడుం కనబడతంది. టీచరమ్మ డైటింగు సేత్తందేటి?"

"దాని కడుపు అంతేలే. నీలాగ సారె బుట్టంతుండాలేటి అందరికీ?" అంది సూర్యకాంతం.

అందరూ నవ్వారు. ఈశ్వరి కూడా నవ్వింది. లోపల నీరు లేదని, అందుకే పిల్లకి కదిలే చోటు లేదని ఆమెకి తెలుసు. అయినా నవ్వింది, అత్తగారి కోసం. హరికిరణ్ చేతిలో ఉన్న ఆమె ఫోన్‌తోనే ఆ నవ్వుని ఫొటో తీశాడు.

సోమవారం స్కూలుకి వెళ్లి ఫోన్ కోసం ఎదురు చూసింది. రాలేదు. చివరి పీరియడ్ అయ్యాక తనే చేసింది.

"మేడమ్, మీరెలా ఉన్నారు?" తనుశ్రీ గొంతు సంతోషంగా ఉంది. హిందీలో గబగబా చెప్పుకుపోయింది. "కేస్ వాపస్ లే లియా, మేడమ్. జడ్జిగారు కూడా మంచి మాటే అన్నారు. ఫొటోలో ఎంత బాగున్నారో మీరు!"

ఈశ్వరి స్టాఫ్ రూము తలుపు దగ్గరగా వేసింది. "కేసు ఎందుకు వెనక్కి తీసుకున్నావు?"

"ఆప్ నే హీ తో లిఖా థా, మేడమ్. మీరే కదా రాశారు, మనసు మార్చుకున్నానని. నిన్న సాయంత్రం. మీ నంబరు నుంచే."

ఈశ్వరి తన ఫోన్లో వెతికింది. అక్కడ ఏమీ లేదు. తుడిచేశారు. తనుశ్రీ తన దగ్గరున్నది తిరిగి పంపింది. కింద రెండు వరసల హిందీ. పైన ఆకుపచ్చ గాజుల చేతులతో నవ్వుతున్న ఈశ్వరి.

ఇంటికి వచ్చి ఆ ఫోన్ హరికిరణ్ ముందు బల్ల మీద పెట్టింది. అతను బూట్లు విప్పుతున్నాడు. చూశాడు. రెండో బూటు విప్పడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మ మొహం చూడలేకపోయాను. పేరంటం చేసిన మర్నాడే ఆస్పత్రికి అంటే ఆవిడ తట్టుకోలేదు. నువ్వు నవ్వుతున్నావు కదా. నిజంగానే మనసు మారిందేమో అనుకున్నా."

"అనుకుంటే నన్ను అడగలేదేం?"

అతను బూట్లు బల్ల కిందికి నెట్టాడు.

"నేను అదే గదిలో ఉన్నాను. పీట మీద కూర్చుని ఉన్నాను. అడగలేదేం?"

"అడిగితే నువ్వు కాదంటావు."

లోపలినుంచి సూర్యకాంతం వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి, "ఏటిరా, నా పేరెత్తుతున్నావు? ఏటైంది?" అంది.

ఈశ్వరి చెప్పింది. క్లాసులో చెప్పినట్టు వరసగా, గొంతు పెంచకుండా, బిడ్డకి ఏవి లేవో, పుట్టాక ఏమవుతుందో, కోర్టుని ఏమడిగారో, నిన్న ఏం జరిగిందో అంతా చెప్పింది. సూర్యకాంతం కింద కూలబడింది.

"నీ ముందు పుట్టిన పిల్ల అలాగే కొట్టుకుని పోయింది కదరా నా ఒళ్లో. గుటకలు మింగి, గుటకలు మింగి. మళ్లీ అది సూడమంటావేట్రా నన్ను? నాకు ఒక్క ముక్క సెప్పుంటే నేనే రాంచీ బస్సెక్కించి తీసుకెల్దును. నా పేరు సెప్పి సేసేవా ఈ పని?"

హరికిరణ్ తల్లి వైపు చూశాడు. తరువాత ఈశ్వరి వైపు చూడబోయి, మానేశాడు.

సంగతి విని తనుశ్రీ ఫోన్లోనే ఏడ్చింది. మళ్లీ వేస్తానంది. అప్పటికే కోర్టుకి దసరా పూజ సెలవులు వచ్చాయి. వీధుల్లో పందిళ్లు లేచాయి, డోళ్లు వాయించే ఢాకీలు దిగారు. సెలవుల్లో కూర్చునే జడ్జి ముందు పెట్టడానికి ఆమె కాగితాలు సిద్ధం చేస్తుండగానే ఈశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రిలో నర్సు గాజులు ఒక్కొక్కటే తీసి సూర్యకాంతం కొంగులో వేసింది. మంచి కాన్పయితే ఆ గాజులు నర్సుకే ఇచ్చెయ్యడం వాళ్ల ఇంటి పద్ధతి. ఆవిడ ఇవ్వలేదు, నర్సూ అడగలేదు.

దీపావళి వెళ్లాక ఒక సాయంత్రం సంఘం సెక్రెటరీ బలరామ్ ఇంటికి వచ్చాడు. టీవీలో మళ్లీ గొడవగా ఉంది. ఎవరో తల్లికి నెలలు దాటాయని పెద్ద కోర్టు ఈసారి వద్దంది. సంఘంలో మళ్లీ చర్చ పెడుతున్నారు. బిడ్డ పోయిన సంగతి బలరామ్‌కి తెలుసు. మిగతాది తెలియదు.

"ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ, నువ్వే మాటాడాలి హరీ. పోయినేడు జగ్గారావు గారి నోరు మూయించీసేవు కదా. ఆడోళ్లందరూ నీ పేరే సెప్పేరు. ఏటమ్మా టీచరమ్మా, మీరైనా సెప్పండి."

ఈశ్వరి టీ కప్పు అతని ముందు పెట్టింది.

"ఆయన్నే అడగండి, బలరామ్ గారూ. అడిగి, ఆయన చెప్పింది వినండి."

హరికిరణ్ కుర్చీలోంచి లేచాడు. "ఈసారి నాకు షిఫ్టు మారిందన్నా, కుదరదు" అన్నాడు. షిఫ్టు మారలేదు. బలరామ్ టీ తాగి, మారుతుందేమో కనుక్కోమని చెప్పి వెళ్లిపోయాడు. సూర్యకాంతం వంటింట్లోంచి బయటికి రాలేదు. మెసేజీ సంగతి తెలిసిన రోజునుంచి ఆవిడ కొడుక్కి అన్నం పెడుతోంది గాని, మాట్లాడడం లేదు.

ఈశ్వరి స్కూలుకి వెళ్తోంది. పదో తరగతికి హక్కుల పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నంత వరకు చెప్పింది. ఇంట్లో ఎప్పటి గదిలోనే హరికిరణ్‌తో ఉంటోంది. చారులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది, కరెంటు బిల్లు కట్టారా అని అడుగుతుంది. ఫోన్ తాళం నంబరు మార్చింది. కొత్తది ఏమిటని అతను అడగలేదు.

పోయిన వారం తనుశ్రీ మళ్లీ ఫోన్ చేసింది. ఆ మెసేజీ ఈశ్వరి పంపింది కాదని కోర్టుకి తెలియజేస్తూ అఫిడవిట్ వెయ్యవచ్చని చెప్పింది. దాని వల్ల ఇప్పుడు వచ్చేదేమీ లేదు, రికార్డులో నిజం మాత్రం ఉంటుంది. ఫోన్ చేసి అడక్కుండా కేసు వెనక్కి తీసుకున్న తన తప్పు తాను ఒప్పుకుంటానంది. "కానీ మేడమ్, పంపింది ఎవరో కూడా రాయాలి. సార్ పేరు రాయాలి."

ఆలోచించి చెబుతానంది ఈశ్వరి. ఇంకా చెప్పలేదు.

కోర్టు కాగితాల్లో బిడ్డను ఉంచుకోవాలనుకున్నది ఈశ్వరే. అది ఆమె మాట కాదని కోర్టుకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.